సుత్తి ఎత్తే ముందు ట్రాక్టర్ సంగతి తేల్చండి

ఇల్లు రిపేర్ మొదలెట్టేవాళ్ళు మేస్త్రీని అడిగే ప్రశ్నలు ఎక్కడైనా దాదాపు ఒకటే. ఎన్ని రోజులు పడుతుంది, మొత్తం ఎంతవుతుంది, సిమెంటు మేం తెప్పించాలా మీరే తెచ్చుకుంటారా, టైల్స్ ఏ షాపులో చవక. పగలగొట్టిందంతా తీసుకెళ్ళి ఎక్కడ పోస్తారు అని మాత్రం ఎవరూ అడగరు, అడిగినా "అదంతా మేం చూసుకుంటాం అమ్మా" అంటారు, మనం హమ్మయ్య ఒక పని తగ్గింది అనుకుని టైల్స్ కేటలాగు తిరగేసుకుంటూ కూర్చుంటాం. నేను చెప్పేదల్లా ఒకటే. ఆ ప్రశ్నకి ఫలానా చోట, ఫలానా వాళ్ళ స్థలంలో అని సమాధానం వచ్చేదాకా ఇంట్లో ఎవర్నీ సుత్తి ఎత్తనివ్వకూడదు. ఇదేదో పర్యావరణం మీద ఉపన్యాసం అనుకుని పేజీ మూసెయ్యకండి, డబ్బు సంగతి కూడా ఇందులోనే ఉంది, నడుము నొప్పుల సంగతీ ఉంది, అసలు ఎంత పగలగొట్టాలి అనేది కూడా దీన్నిబట్టే తేలుతుంది.

మాది విజయవాడ సత్యనారాయణపురంలో మావయ్యగారు కట్టించిన ఇల్లు. ఒకప్పుడు రైలు పట్టాలుండి ఇప్పుడు బీఆర్టీఎస్ రోడ్డు అయిన చోటికి నాలుగడుగులు వేస్తే చేరుకోవచ్చు గానీ మా సందులోకి ట్రాక్టర్ రాదు, వచ్చినా తిరగదు, కాబట్టి సందు మొదట్లో ఆపుకుని అక్కడిదాకా మొయ్యాల్సిందే. అత్తయ్యగారికి మెట్లెక్కడం కష్టమైపోయి కిందనే బాత్రూమ్ పెట్టించాలనుకున్నాం, దాంతోపాటు వంటింటి గోడ ఒకటి తీసేద్దామని, ఫ్లోరింగ్ మార్చేద్దామని, వెనక రేకుల షెడ్డు పీకేద్దామని ఒక్కో కోరికా వచ్చి చేరింది. రిపేర్ అంటేనే అంత కదా, పంపు మారుద్దామని మొదలెడితే ఇంటి సగం నేలమీద ఉంటుంది.

సరే లెక్క చూద్దాం, ఎందుకంటే పగలగొట్టే ముందు ఈ లెక్క ఎవరూ వెయ్యరు. 10 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న 9 అంగుళాల గోడ ఒకటి తీసుకోండి. అది నిలబడి ఉన్నప్పుడు 75 ఘనపుటడుగులు. ఇటుక కట్టుబడి బరువు ఘనపు మీటరుకి ఇంచుమించు 1,900 కిలోలు ఉంటుంది, అంటే ఆ ఒక్క గోడ 4 టన్నులు. దాన్ని పగలగొడితే అది 75 అడుగుల్లో ఇమడదు, ముక్కల మధ్య గాలి చేరి ఒకటిన్నర రెట్లు అవుతుంది, 110 అడుగుల పైమాటే. యూనిట్ అంటే 100 అడుగులు కదా, ట్రాక్టర్ ట్రక్కులో పట్టేది సుమారుగా అంత. అంటే ఒక చిన్న గది గోడ ఒక ట్రక్కు దాటిపోతుంది. తట్టకి 20 కిలోలు అనుకుంటే 200 తట్టలు. ఆ 200 తట్టలూ ఒక మనిషి, మన దగ్గర చాలాసార్లు ఆడమనిషి, తలమీద పెట్టుకుని మెట్లు దిగి గుమ్మం దాటి సందు చివరిదాకా మోస్తుంది. "ఆ గోడ తీసేస్తే హాలు ఎంత బాగుంటుందో" అని మనం కాఫీ తాగుతూ అనే మాటకి అర్థం అది.

ఫ్లోరింగ్ అయితే ఇంకా మోసం, ఎందుకంటే నేల పల్చగా కనిపిస్తుంది. పాత మొజాయిక్ గచ్చు, కింద బెడ్డు కలిపి 3 అంగుళాలు లేపారనుకోండి, 1,000 చదరపు అడుగుల ఇంటికి 250 ఘనపుటడుగుల సరుకు, విడగొడితే మూడు నాలుగు ట్రక్కులు, బరువు దాదాపు 14 టన్నులు. మా ఇంట్లో ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక మా ఆయన మొజాయిక్ వైపు కొత్తగా ప్రేమగా చూడ్డం మొదలెట్టారు. పాతది గట్టిగా ఉంటే, తట్టి చూసినప్పుడు బోలు శబ్దం రాకపోతే, దానిమీదే అడెసివ్‌తో కొత్త టైల్స్ వేసేయొచ్చు. నేల కొంచెం ఎత్తు పెరుగుతుంది, తలుపుల అడుగు రంపంతో కొద్దిగా కొయ్యాలి, బాత్రూమ్ గుమ్మం దగ్గర వాటం చూసుకోవాలి, అంతే. లేదా మొజాయిక్‌కి పాలిష్ పట్టించుకుంటే అదీ లేదు. ఈ మాట మేస్త్రీ తనంతట తను ఎందుకు చెప్తాడు, పగలగొట్టడానికీ అతనికి కూలి వస్తుంది, మళ్ళీ వెయ్యడానికీ వస్తుంది. తప్పు అతనిది కాదు, అడగాల్సింది మనం.

ఇక్కడే నా అసలు వాదన ఉంది. మనం ఇంత తేలిగ్గా పగలగొట్టించేస్తున్నాం అంటే కారణం, ఎత్తించడం చవక కాబట్టి. ట్రాక్టర్ ట్రిప్పుకి మనం ఇచ్చేది నిజమైన ఖరీదు కాదండీ. సగం ఖరీదు మనం కడతాం, మిగతాది అతను ఎవరి ఖాళీ స్థలం పక్కనో, ఏ కాలవ గట్టు మీదో పోసేస్తే అక్కడివాళ్ళు కడతారు. సరైన చోటికి చేర్చే కిరాయి మొత్తం మన జేబులోంచే పోవాలంటే, వాస్తు పేరు చెప్పి కూల్చే గోడల్లో సగం నిలబడే ఉంటాయి అని నా గట్టి నమ్మకం. ఈ ఊళ్ళో రబ్బిష్ ఎక్కువ పుట్టించేది బిల్డర్లు కాదు, సిద్ధాంతులు. వంటగది ఆగ్నేయంలో లేదని ఒక గోడ, గుమ్మం రెండు అడుగులు జరపాలని ఇంకో గోడ, మెట్లు నైరుతిలోకి తిప్పాలని మొత్తం మెట్లే. ఆయన నోటితో చెప్పి దక్షిణ తీసుకుని వెళ్ళిపోతారు, 4 టన్నులు మనకి మిగుల్తాయి. నమ్మకాల జోలికి నేను పోను, మా అత్తయ్యగారికీ ఉన్నాయి, ఐతే ఈశాన్యంలో దోషం అని చెప్పిన పెద్దమనిషిని ఆ మట్టి ఏ దిక్కున పొయ్యాలో కూడా చెప్పమని అడిగితే బాగుంటుంది కదా.

ఇంకో ప్రమాదం గురించి చెప్పాలి, ఇది రెండో అంతస్తుల్లోనూ అపార్ట్‌మెంట్లలోనూ ఉండేవాళ్ళకి. ట్రాక్టర్ రేపొస్తుంది ఎల్లుండొస్తుంది అంటూ పగలగొట్టిందంతా గది మధ్యలో, లేదా డాబా మీద ఒక మూల కుప్ప పోస్తారు. ఇళ్ళలో గదుల స్లాబు మీద మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు అనే లెక్కతో డిజైన్ చేస్తారు, మనుషులు తిరిగే డాబాకైతే 150. ఇది భారత ప్రమాణాల్లో ఉన్నదే, ఐఎస్ 875 రెండో భాగం. రెండు అడుగుల ఎత్తు రబ్బిష్ కుప్ప అదే చదరపు మీటరులో 700 కిలోలు దాటిపోతుంది. అంటే డిజైన్ చేసిన దానికి మూడున్నర నాలుగు రెట్లు, అదీ ఇరవై ముప్పై ఏళ్ళ పాత స్లాబు మీద, పక్కనే బ్రేకర్ మిషన్ దడదడలాడుతుండగా. కుప్ప పొయ్యక తప్పకపోతే గది మధ్యలో కాకుండా కింద గోడ గానీ దూలం గానీ ఉన్న వార పల్చగా పరవండి, ఏ రోజుది ఆ రోజు ఖాళీ సిమెంటు బస్తాల్లో నింపి కిందికి దింపించండి. బస్తా సగమే నింపాలి. నిండా నింపితే ఇద్దరు పట్టినా లేవదు, లేచినా అడుగు చిరిగి మెట్ల మీదే పోతుంది.

ఇప్పుడు మట్టి ఎక్కడికి పోతుంది అనే దగ్గరికి వద్దాం. విజయవాడలో దీనికొక మార్కెట్ ఉంది, ఎవరూ ఏర్పాటు చెయ్యకుండానే నడుస్తోంది, చెప్పాలంటే భలేగా నడుస్తోంది. పల్లంలో స్థలం కొన్నవాడికి మెరక కావాలి. గ్రావెల్ కొనాలంటే ఖరీదు, ఎర్రమట్టి ఖరీదు, బుసక తోలించినా ఖరీదే. ఇక్కడ ఇల్లు పగలగొట్టినవాడికి మట్టి పోవాలి. మధ్యలో ట్రాక్టర్ అతను మన దగ్గర ఎత్తినందుకు తీసుకుంటాడు, అక్కడ పోసినందుకు వాళ్ళ దగ్గరా తీసుకుంటాడు. రెండు చేతులా సంపాదిస్తున్నాడని కొందరు ఏడుస్తారు గానీ నాకైతే ఇందులో తప్పేం కనిపించలేదు, ఏ ప్లాంటూ ఏ టెండరూ లేకుండా ఒకరి చెత్త ఇంకొకరి పునాదిలోకి పోతోంది. నున్న వైపు, కండ్రిక వైపు, ఇటు పోరంకి, పెనమలూరు వైపు కొత్త ప్లాట్లు ఎక్కడ పడితే అక్కడ మెరక అడుగుతూనే ఉంటాయి. పైగా మన రోడ్లు వేసినప్పుడల్లా పాతదాని మీదే ఇంకో పొర వేస్తారు, రోడ్డు పెరిగేకొద్దీ ఇల్లు గుంటలోకి పోతుంది, ఇల్లుగలాయన గుమ్మం లేపుతాడు, పక్కింటాయన ఇంకో అడుగు ఎక్కువ లేపుతాడు, నీళ్ళు మాత్రం మూడో ఇంటికి పోతాయి. ఆ మూడో ఇంటాయన కూడా ట్రాక్టర్ కోసమే ఫోన్ చేస్తాడు.

మరి ఇంత చక్కగా నడుస్తుంటే గొడవేంటి అంటారా. ఆ మార్కెట్‌కి శుభ్రమైన సరుకు కావాలి. ఇటుక ముక్కలు, కాంక్రీటు, గచ్చు, ఇసుక, ఇవి మెరకకి పనికొస్తాయి. మనం పంపేది అది కాదు. అందులో పీఓపీ సీలింగ్ ముక్కలు, థర్మోకోల్, పెయింటు డబ్బాలు, పాత ప్లైవుడ్, కూలీలు టిఫిన్ తిన్న ప్లాస్టిక్ కవర్లు, విరిగిన కమోడ్, పాత పరుపు కూడా. ఎలాగూ ట్రాక్టర్ వస్తోందిగా అని పక్కింటివాళ్ళు వాళ్ళ కొబ్బరి మట్టలు కూడా తెచ్చి పైన పడేస్తారు. పప్పులో రాళ్ళు పోసేశాక ఏరమంటే ఎవరు ఏరతారు. ఒక్కసారి కలిసిందంటే దాన్ని ఏ ప్లాటు వాడూ తీసుకోడు, తీసుకోనప్పుడు ట్రాక్టర్ అతనికి మిగిలేది చీకటి పడ్డాక ఏదో ఒక గట్టు. అతను చెడ్డవాడు కాదు, ట్రిప్పుకి ఇంత అని మాట్లాడుకున్నాడు, ఎంత దగ్గర్లో పారబోస్తే అంత డీజిల్ మిగుల్తుంది. కలిపి ఇచ్చింది మనం.

చెక్క ముక్కల గురించి ప్రత్యేకంగా చెప్తాను, ఎందుకంటే మెరక చేయించుకునేవాళ్ళకి కూడా ఇది తెలియాలి. రబ్బిష్‌తో పాటు పాత కిటికీ చెక్కలు, సెంట్రింగ్ ముక్కలు పునాదుల్లోకి వెళ్ళాయంటే చెదపురుగులకి మనమే భోజనం పెట్టి పిలిచినట్టు, కొన్నేళ్ళకి కొత్త టేకు గుమ్మంలో తేలుతుంది. పెద్ద పెద్ద గడ్డలు అలాగే పోసి పైన కప్పేస్తే మధ్యలో ఖాళీలు ఉండిపోతాయి, వాటిల్లో పందికొక్కులు కాపురం పెడతాయి, ఆ తర్వాత నేల కుంగుతుంది. గడ్డలు చితక్కొట్టి, పొరలు పొరలుగా పోసి, నీళ్ళు కట్టి, దిమ్మిస మీద దిమ్మిస కొడితేనే అది మెరక. లేకపోతే మన ఇంటి కుప్పని ఇంకొకళ్ళ ఇంటి కింద దాచిపెట్టడమే.

కాబట్టి విడదీయడం అనేది చివర్న ట్రాక్టర్ వచ్చాక చేసే పని కాదు, పగలగొట్టే వరసలోనే ఉంటుంది. ముందు తలుపులు, కిటికీలు, గుమ్మాలు ఊడదీయించాలి. పాత టేకు ద్వారబంధానికి ఇవాళ్టికీ మంచి ధర వస్తుంది, గోడ పగలగొట్టాక దాన్ని గునపంతో పెరికితే కట్టెల ధర వస్తుంది. తర్వాత స్విచ్చులు, వైర్లు, పైపులు, గ్రిల్స్, కుళాయిలు, సింకు. రాగి, ఇత్తడి, ఇనుము దేనికది వేరుగా పెడితే ఆటోనగర్ పాత ఇనుము వాళ్ళే బండి వేసుకుని వస్తారు, లేదంటే వీధిలో అరుచుకుంటూ తిరిగే అతనైనా తూకం వేసి తీసుకెళ్తాడు. ఆ తర్వాత సీలింగు, ప్లైవుడ్ కప్‌బోర్డులు. ఇవన్నీ పోయాక, ఇల్లు ఉత్త గోడలతో నిలబడ్డాక, అప్పుడు సుత్తి. ఈ వరసలో చేస్తే చివరికి ట్రక్కులోకి ఎక్కేది ఒట్టి ఇటుక, కాంక్రీటు మాత్రమే. మేస్త్రీలు ఒప్పుకోరు, టైమ్ వేస్ట్ అంటారు. ఒక రోజు కూలి ఎక్కువవుతుంది నిజమే. అమ్ముడుపోయిన ఇనుము, గుమ్మాల డబ్బుతో ఆ కూలి పూడుతుందా అంటే మాకైతే పూడింది, మీ ఇంట్లో ఎంత ఇనుముందో నాకు తెలీదు.

ఇటుకల సంగతి ఇంకో తమాషా. వన్‌టౌన్‌లో ఇంకా గానుగ సున్నంతో కట్టిన పాత మిద్దెలు కనిపిస్తాయి. వాటిని విప్పితే ఇటుకలు ఒక్కోటి చేతికి వచ్చేస్తాయి, సున్నం ఇటుక కంటే మెత్తన కాబట్టి తాపీ అంచుతో గీకితే రాలిపోతుంది, ఆ ఇటుకని మళ్ళీ వాడుకోవచ్చు. సిమెంటుతో కట్టిన మా ఇంటి గోడలో అది కుదరదు, సిమెంటు ఇటుకని వదలదు, ముందు ఇటుకే విరుగుతుంది. మన ముత్తాతలు విప్పుకోవడానికి వీలుగా కట్టుకున్నారు, మనం పగలగొట్టడానికి తప్ప వీలుకాకుండా కట్టుకున్నాం. పాత మిద్దె పడగొట్టేవాళ్ళెవరైనా చదువుతుంటే దయచేసి ప్రొక్లెయినర్ పిలవకండి, ఆ దూలాలు, ఆ ఇటుకలు, ఆ మంగళూరు పెంకులు చేత్తో దింపించుకోండి. కొనేవాళ్ళు ఉన్నారు.

వెనక షెడ్డు రేకుల గురించి మాత్రం నాకు కోపం ఉంది. సిమెంటు రేకులు అంటాం గానీ పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని నార ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పట్నుంచో చెప్తోంది, మన దేశంలో తవ్వకం ఆగిపోయింది, బయటి దేశాల నుంచి తెప్పించుకుని రేకులు చెయ్యడం మాత్రం ఆగలేదు. రేకు కప్పుగా ఉన్నంతసేపు అంత భయం లేదు, విరగ్గొట్టినప్పుడే ప్రమాదం. మనవాళ్ళు చేసేది సరిగ్గా అదే, ఒక కుర్రాడు పైకెక్కి కాలితో తన్ని కింద పడేస్తాడు, తర్వాత ట్రక్కులో పట్టాలని సుత్తితో ముక్కలు చేస్తారు. తడిపి, బోల్టులు విప్పి, ఒక్కో రేకూ విరక్కుండా దింపమంటే "ఏం కాదమ్మా, మేం ఇరవై ఏళ్ళనుంచి చేస్తున్నాం" అంటాడు. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే సరిపోతుందనుకుంటాడు, ఆ దుమ్ముకి తువ్వాలు ఒక లెక్క కాదు. టైల్స్, గ్రానైటు కోసే కటింగ్ మిషన్ దుమ్ము కూడా అంతే, సిలికా ఊపిరితిత్తుల్ని గట్టిపరిచేస్తుంది, నీళ్ళు పోస్తూ కొయ్యమనండి, ఇల్లు బురదవుతుంది, కానివ్వండి. ఆస్‌బెస్టాస్ ఫ్యాక్టరీల్లో చేసే కార్మికుల ఆరోగ్యం గురించి సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. షెడ్డు పీకే కూలీకి ఆ తీర్పు తెలీదు, మేస్త్రీకి తెలీదు, మనకి మాత్రం తెలుసు, మనం వరండాలో నిలబడి త్వరగా కానివ్వండి అంటాం.

కాలవల దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఈ ఊళ్ళో ఉండి ఈ మాట ఎత్తకుండా రబ్బిష్ గురించి రాయలేం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకి వరద వచ్చింది. సింగ్ నగర్, పాయకాపురం వైపు మా చుట్టాల ఇళ్ళు కింద అంతస్తు మునిగాయి, నీళ్ళు తీశాక ఇళ్ళలో బురద కడగడానికి ఫైరింజన్లు తిప్పారు, వీధి పొడుగునా పరుపులు, ఫ్రిజ్‌లు, పిల్లల పుస్తకాలు కుప్పలు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయింది. నేను తెలివితక్కువ మాట చెప్పదల్చుకోలేదు, ఆ వరద రబ్బిష్ వల్ల రాలేదు, కురిసిన వానకి వచ్చింది, గట్లు తెగి వచ్చింది, కృష్ణ నిండుగా ఉంటే బుడమేరు నీళ్ళు అందులోకి పోయే దారి ఉండదు కాబట్టి వచ్చింది. ఐతే వచ్చిన నీళ్ళు పోవాలి కదా. పోయే దారిలో మురిక్కాలవ మూతి దగ్గర ఎవరింటి బాత్రూమ్ టైల్సో ఉంటాయి. బుడమేరు గట్టు, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ, ఏ వంతెన దగ్గరైనా ఆగి కిందికి చూడండి, గోడ ముక్కలు, రంగు రంగుల టైల్స్ కనిపించకపోతే నన్ను అడగండి. ఒక్కో ట్రక్కు వల్ల ఏం కాదు నిజమే. కాలవ కొంచెం సన్నబడుతుంది, గట్టు కొంచెం ముందుకు జరుగుతుంది, జరిగిన గట్టు మీద ఇంకొన్నాళ్ళకి ఎవరో ఒక రేకు షెడ్డు వేస్తారు. అది ఆక్రమణ అని తర్వాత మనమే పేపర్లో చదివి ఆవేశపడతాం, ఆ నేల మనమిచ్చిన మట్టితో తయారయ్యిందని మనకి గుర్తుండదు.

"మేం కడుతున్న ఇంటి పన్నుకి కార్పొరేషన్ వాళ్ళే ఎత్తాలి కదా" అనేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. సగం ఒప్పుకుంటాను. 2016లో కేంద్రం దీనికోసమే విడిగా నిబంధనలు తెచ్చింది, నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నిబంధనలు అని. అందులో రోజుకి 20 టన్నులు, లేదా నెలకి ఒక ప్రాజెక్టులో 300 టన్నులు దాటేవాళ్ళు కాంక్రీటు, మట్టి, ఇనుము చెక్క ప్లాస్టిక్, ఇటుక మోర్టారు అని నాలుగు రకాలుగా విడదియ్యాలి, ముందే ప్లాను ఇచ్చి అనుమతి తీసుకోవాలి అన్నారు. మనలాంటి చిన్నవాళ్ళకి ఆ ప్లాను గొడవ లేదు గానీ వదిలెయ్యలేదు, వేరుచేసి పెట్టాలి, రోడ్డు మీదా డ్రైన్లలోనూ వెయ్యకూడదు, మన ఆవరణలోనే ఉంచి కలెక్షన్ కేంద్రానికి చేర్చాలి అన్నారు. 2025లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు, వాటిలో అసలు బరువంతా 20,000 చదరపు మీటర్లు అంతకు మించి కట్టే పెద్ద ప్రాజెక్టుల మీద పెట్టారు. మంచిదే. కానీ ఏ వీధిలో చూసినా కనిపించేది పెద్ద ప్రాజెక్టు కుప్పలు కాదు, ఒక బాత్రూమ్ కుప్ప, ఒక వంటిల్లు కుప్ప, డ్రైను మీద పోసి పైన ఒక ఎర్రగుడ్డ కట్టిన కర్ర. చేర్చాలి అన్నారు సరే, మా సందులోంచి తోపుడు బండి మీద అరట్రక్కు మట్టి తీసుకెళ్ళి చేర్చే చోటు నాలుగైదు వీధులకి ఒకటి ఉండాలి కదా. దానికి డబ్బు తీసుకోండి, ఇస్తాం. ఇంటింటి చెత్త పన్ను 2021లో పెట్టి 2024లో తీసేశారు, అందరూ కట్టే పన్ను మీద అంత రగడ జరిగింది. ఇది అలాంటిది కాదు, ఎవరు పగలగొడితే వాళ్ళే కట్టేది, పర్మిషన్ ఇచ్చేటప్పుడే తీసుకోవచ్చు.

రీసైక్లింగ్ అంటారు. ఢిల్లీలో బురారీ ప్లాంటు 2009 నుంచి ఉంది, హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో ఉన్నాయి, మట్టిని పొడి చేసి కంకర, ఇసుక, ఇటుకలు, ఫుట్‌పాత్ పలకలు చేస్తారు. వాడకూడదనీ ఎవరూ అనలేదు. కాంక్రీటులో వాడే కంకర, ఇసుకల గురించిన భారత ప్రమాణం ఐఎస్ 383ని 2016లో సవరించారు, దాని ప్రకారం పాత కాంక్రీటు పొడిచేసిన కంకరని మామూలు కాంక్రీటులో 25 శాతం దాకా, ఎం25 అనే బలం గ్రేడు వరకు ఇనుము వేసిన కాంక్రీటులో 20 శాతం దాకా, నేల కింద వేసే బలహీనమైన కాంక్రీటులో పూర్తిగా వాడుకోవచ్చు. ఐతే మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి ఇసుక ఉచితం, లోడింగ్, రవాణా ఇచ్చుకుంటే చాలు. పేదవాడు ఇల్లు కట్టుకోవడానికి అది మంచిదే కావచ్చు, నేను దాన్ని తప్పుపట్టట్లేదు. కానీ కృష్ణలో ఇసుక ఉచితంగా దొరుకుతుంటే పాత గోడని కరెంటు పెట్టి పొడి చేసి అమ్మేవాడెవడు, డబ్బిచ్చి కొనేవాడెవడు? కార్పొరేషనే తన ఫుట్‌పాత్‌లకీ, డ్రైన్ల పక్క నింపడానికీ ఆ సరుకే వాడాలని రూలు పెట్టుకుంటే తప్ప అది నడవదు. అందాకా మన ఊరి రీసైక్లింగ్ ప్లాంటు ట్రాక్టర్ బాబాయే.

అందుకే వంటింటి పని మొదలెట్టేటప్పుడు నేను మేస్త్రీతో గుత్త కాగితం మీదే రాయించాను. పగలగొట్టే కూలి వేరు, ఎత్తే కూలి వేరు, తోలే కిరాయి వేరు, మూడూ విడివిడిగా. గుత్తలో అన్నీ కలిపేస్తే అతను మిగుల్చుకోగలిగేది తోలే దగ్గరే కాబట్టి అక్కడే కక్కుర్తి పడతాడు. పోసే స్థలం ఎవరిదో పేరు, ఫోను నంబరు ముందే తీసుకున్నాం, నున్న దారిలో ఇల్లు మెరక చేయించుకుంటున్నాయన, ఆయన్ని అడిగితే "చెక్కా ప్లాస్టిక్కూ లేకుండా ఎంతైనా పంపండమ్మా" అన్నారు. అక్కడ పోశాక ఫొటో పంపితేనే డబ్బులు. ట్రాక్టర్ బాబాయ్ మొదట ఒప్పుకోలేదు.

"నున్న దాకా అంటే డీజిల్ ఎవరిస్తారమ్మా, ఇక్కడే దగ్గర్లో చూసుకుంటాగా."

"ఆ దగ్గర ఎక్కడో చెప్పు బాబాయ్, నేను కూడా బండెక్కి వచ్చి చూస్తా."

నవ్వేశాడు. కిరాయి పెంచి అడిగాడు, అక్కడ కూడా తీసుకుంటావుగా అని కొంత తగ్గించి, కొంత ఇచ్చాం. ఈ సంగతి వీధిలో తెలిసి మూడిళ్ళ అవతల ఉండే ఆయన సాయంత్రం గేటు దగ్గర ఆపి "మీరు అనవసరంగా రేటు చెడగొట్టారమ్మా, ఇప్పుడు మాకూ అంతే అడుగుతున్నాడు" అన్నారు. ఆయనకీ వంటింటి గోడ తీయించాలట. నున్న ఆయన నంబరు ఇచ్చాను, ఇంకా మట్టి కావాలంటున్నారు అడిగి చూడండి అన్నాను, ఆ గోడ తియ్యకపోతే ఏమవుతుందో కూడా ఒకసారి ఆలోచించమన్నాను. ఆదివారం సిద్ధాంతి గారు వస్తున్నారు, ఆయన ఎంత జరపమంటే అంత జరుపుతాం అన్నారు.